జన్యుశాస్త్రాధ్యయనము

మన పాఠశాల వార్షిక సంచికకు నేను చదివిన చదువును గూర్చి ఒక వ్యాసము వ్రాసి పంపవలసినదని ప్రధానోపాధ్యాయులవారు సెలవిచ్చిరి. నేను ఈ పాఠశాలలోనే పదవ తరగతి ముగించి, ఇంటరు చదివి, పిమ్మట మూడు సంవత్సరములు కళాశాలలో జన్యుశాస్త్రమును ప్రధానపాఠ్యముగ గైకొని పట్టము పొందితిని. సెలవులకు ఊరికి వచ్చినప్పుడెల్ల పెద్దలు నన్ను రెండు ప్రశ్నలడుగుచుండిరి. "ఆ చదువు దేనిని గూర్చినది నాయనా?" అనునది మొదటిది. "అది చదివిన నేమి వచ్చును?" అనునది రెండవది. విద్యార్థులు మాత్రము మూడవ ప్రశ్న నడుగుదురు: "అది కష్టమా?" ఈ మూడింటికిని నాకు తెలిసినంతవరకు బదులు చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. నేను చెప్పదలచినది ముందుగనే చెప్పెదను. జన్యుశాస్త్రము లెక్కించుట నేర్పు శాస్త్రము. ఉన్నదానిని ఉన్నట్లు లెక్కించుట యెంత కష్టమో అది చదివినవారికే తెలియును.

విత్తొకటి వేసిన చెట్టొకటి మొలవదని మన పెద్దలందురు. మామిడి టెంకనుండి మామిడియే మొలచును. పిల్లి కడుపున పిల్లియే పుట్టును. ఇది అందరెరిగినదే. కాని తండ్రికిని తల్లికిని లేని పోలిక బిడ్డకు వచ్చుట యెట్లు? తాతగారి ముక్కు కొడుకునకు రాక మనుమనికి వచ్చుట మనము చూచుచునే యున్నాము. నడుమ ఒక తరము ఆ పోలిక యెక్కడ దాగియుండెను? ఈ చిన్న ప్రశ్ననుండియే జన్యుశాస్త్రము పుట్టినది.

ఆ ప్రశ్నకు మొదట సరియైన ఉత్తరము కనుగొన్నవాడు గ్రెగర్ మెండెలు. ఆయన 1822వ సంవత్సరమున నేటి చెక్ దేశమునందలి యొక పల్లెటూర రైతు బిడ్డగ జన్మించెను. బ్రునో పట్టణమునందలి మఠమున సన్న్యాసిగ చేరి, అచటి పాఠశాలలో బాలురకు చదువు చెప్పుచుండెను. విద్యార్థులారా, మీ కూరట కలిగించు విషయ మొకటి చెప్పెదను. ఉపాధ్యాయ పరీక్షయందు ఆయన 1850లో తప్పెను. పిదప వియన్నా విశ్వవిద్యాలయమునకు పోయి, భౌతికశాస్త్రమును గణితమును నేర్చి, మరలి వచ్చి మఠపు తోటలో బఠానీ మొక్కలను పెంచ మొదలిడెను. 1856 మొదలు 1863 వరకు ఆయన పెంచిన మొక్కలు దాదాపు 28,000.

గుండ్రని గింజల జాతిని ముడుతల గింజల జాతితో కలుపగా మొదటి తరమున గింజలన్నియు గుండ్రముగనే వచ్చెను. ముడుతలు మాయమైనవి. ఆ తరమును తమలో తాము ఫలింపజేయగా రెండవ తరమున ముడుతలు మరల కనబడెను. ఇంతవరకు గమనించినవారు ఆయనకు ముందును కలరు. మెండెలు చేసిన క్రొత్తపని యొక్కటే. ఆయన గింజలను లెక్కించెను. గుండ్రనివి 5,474, ముడుతలవి 1,850. అనగా ఇంచుమించు మూడింటికి ఒకటి. రంగును చూచినను అదియే నిష్పత్తి: పసుపుపచ్చనివి 6,022, ఆకుపచ్చనివి 2,001. ప్రతి లక్షణమునకును మొక్కలో రెండు కారకములు గలవనియు, తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటి వచ్చుననియు, వానిలో బహిర్గతమైనది కనబడుచుండగా అంతర్గతమైనది చెడక దాగియుండుననియు ఆయన ఆ లెక్కనుండి గ్రహించెను. ఆ కారకములనే నేడు మనము జన్యువులందుము. ఆయన తన వ్యాసమును 1865లో చదివి 1866లో అచ్చొత్తించెను. ఎవ్వరును దాని విలువ నెరుగలేదు. ఆయన 1884లో మరణించెను. 1900వ సంవత్సరమున మూడు దేశములలో ముగ్గురు పండితులు వేరువేరుగ ఆ మార్గముననే నడచి, ఆ పాత వ్యాసమును మరల వెలికి దీసిరి.

ఇక కళాశాలలో ఈ చదువు సాగు విధము చెప్పెదను. మొదట జీవకణమును గూర్చి చదువుదుము. కణము రెండుగ చీలుట, అందు క్రోమోసోములను దారములవంటివి జంటలు విడిపోవుట, ఉల్లివేళ్ల కొనలకు రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో చూతుము. పిదప మెండెలు సూత్రములు, ఒకే క్రోమోసోముపై నున్న జన్యువులు కలసి నడచుట. తరువాత డి.ఎన్.ఏ. నిర్మాణము. 1953లో వాట్సన్, క్రిక్ అనువారు దాని జంటమెలిక రూపమును ప్రకటించిరి. రోజలిండ్ ఫ్రాంక్లిన్ అను విదుషీమణి ఎక్స్ కిరణములతో తీసిన చిత్రములు దానికి ఆధారములయ్యెను. ఆ డి.ఎన్.ఏ. లిపిని చదువుటలో మన భారతదేశమున పుట్టిన హరగోవింద ఖొరానాగారు పాలుపంచుకొని 1968లో నోబెల్ బహుమానము పొందిరి. మూడవ యేట మానవ జన్యుశాస్త్రము, జనసమూహముల జన్యుశాస్త్రము, గణకయంత్రముతో జన్యులిపిని పరిశీలించుట మున్నగునవి. మానవుని జన్యులిపిలో అక్షరములు సుమారు 300 కోట్లు. ప్రోటీనులను నిర్మింపజేయు జన్యువులు మాత్రము సుమారు 20,000 మాత్రమే.

ఈ చదువున విద్యార్థులు కేవలము వినువారుగ నుండనక్కరలేదనుటకు ఒక దృష్టాంతము. అమెరికాదేశమున కొలంబియా విశ్వవిద్యాలయమున మోర్గన్ పండితుడు పండ్లయీగలపై పరిశోధన చేయుచుండెను. ఆల్‌ఫ్రెడ్ స్టర్టివెంటు అను బాలుడు అచట ఇంకను పట్టము పొందని విద్యార్థి. 1911లో నొకనాడు ఆయన గురువుగారితో మాటలాడి, ఆ యంకెలను ఇంటికి గొనిపోయి, తన పాఠములను ప్రక్కనబెట్టి రాత్రి చాలభాగము మేల్కొని, జన్యువులు క్రోమోసోముపై ఏ వరుసలో ఎంతెంత దూరమున నున్నవో ఒక పటము గీచెను. 1913లో అచ్చుపడిన ఆ పటము లోకమున మొదటి జన్యుపటము. పాఠములు ప్రక్కనబెట్టుమని నేను చెప్పుటలేదు. తోటివారు పోగుచేసిన లెక్కలను శ్రద్ధతో చూచిన విద్యార్థికి క్రొత్తది కనబడగలదని మాత్రము చెప్పుచున్నాను.

పండ్లయీగల ప్రస్తావన వచ్చినది గనుక నా స్వంత అనుభవమొకటి దాచక చెప్పవలసియున్నది. రెండవ యేట మాకు నిడివి రెక్కల యీగలను కురచ రెక్కల యీగలతో కలిపి రెండవ తరమును లెక్కించు పని యిచ్చిరి. మొక్కజొన్నపిండి, బెల్లము కలిపి వండిన మేతను సీసాల అడుగున పోసి, అందు ఈగలను పెంచుదుము. పిమ్మట వానికి మత్తు నిచ్చి, తెల్లకాగితముపై పరచి, కుంచెతో నొక్కొక్కదానినే ప్రక్కకు త్రోసి లెక్కింతుము. నేను నాలుగు సీసాలలోని 412 ఈగలను లెక్కించితిని. మెండెలు సూత్రము ననుసరించి నిడివి రెక్కలవి 309, కురచ రెక్కలవి 103 రావలెను. నాకు 338యు, 74యు వచ్చెను. రెండుమారులు లెక్కించితిని; అవే యంకెలు. నా ప్రక్కవాని లెక్క సరిపోయెను. నా పని చెడినదని సిగ్గుపడి, గ్రంథమున 311 అనియు, 101 అనియు వ్రాసితిని. మొత్తము 412 తప్పకుండ చూచుకొంటిని.

మా అధ్యాపకురాలు ఆ పట్టికను చూచి, "నాయనా, నీ లెక్క మిక్కిలి అందముగ నున్నది. ఈగలను తెమ్ము" అనిరి. లెక్కించిన యీగలను మేము సారాయము పోసిన సీసాలో వేసి యుంచుదుము. ఆమె వానిని పళ్లెములో పోసి నా యెదుట కూర్చుండి లెక్కింపజేసిరి. 338, 74. అప్పుడామె కోపపడలేదు. "తక్కిన యిరువదియేడు ఈగలను నీవే సృష్టించితివా?" అని మాత్రమడిగిరి. నేను తలవంచుకొంటిని.

పిదప ఆమె నాలుగు మేతసీసాలను దీపమునకెదురుగ పట్టి చూపిరి. ఒక్కొక్క సీసాలో మేత చాలనన్ని పురుగులు పెరిగి అడుగు బురదవలె నైపోయినది. అందు అంటుకొని చచ్చిన యీగలు పదునెనిమిదింటిని నేనే లెక్కించితిని. అన్నియు కురచ రెక్కలవే. ఎగురలేని యీగ బురదలో కూరుకొనును. గూటినుండి బయటికి రాకయే చచ్చినవి ఇంకను కలవు. "నీ యంకె తప్పు కాదు. అది నీకొక సంగతి చెప్పవచ్చినది. నీవు దాని నోరు మూసితివి" అని ఆమె అనిరి. ఆ పట్టికకు సున్న వేసి, మరల చేయుమనిరి. ఈమారు సీసాకు కొలది యీగలనే విడిచి, మేత చల్లారి తడియారిన పిమ్మట వాడితిని. 297యు, 92యు వచ్చెను. కై వర్గ పరీక్ష యని యొక గణితపరీక్ష కలదు. అంకెలు సూత్రమునకు దూరమైనకొలది దాని ఫలము పెరుగును. ఇట్టి పట్టికయందు 3.84ను మించిన సందేహింపవలెను. నా మొదటి నిజమైన లెక్కకు ఆ ఫలము సుమారు 10.9, రెండవదానికి 0.38. మొదటిదే నాకు ఎక్కువ నేర్పినది.

ఆ సాయంకాలము ఆమె చెప్పిన చరిత్ర యొకటి నేను మరువలేదు. ఫ్రాన్సుదేశమున కుయెనో యను పండితుడు పసుపుపచ్చని ఎలుకలను తమలో తాము కలుపగా, మూడింటికి ఒకటి సరిగ రాక, పసుపుపచ్చనివి తక్కువగ వచ్చుచుండెను. ఆయన ఆ యంకెను సవరింపక 1905లో ఉన్నదున్నట్లు ప్రకటించెను. దానికి ఆయన చెప్పిన కారణము సరియైనది కాదు. 1910లో కాజిల్, లిటిల్ అను అమెరికా పండితులు అసలు కారణము చూపిరి: పసుపు జన్యువు రెండు ప్రతులుగ వచ్చిన పిల్లలు తల్లి కడుపులోనే నశించుచున్నవి. ప్రాణాంతక జన్యువులున్నవని లోకమునకు తెలిసినది ఆ సరిపడని లెక్కవలననే. కుయెనో నావలె అంకెను దిద్దియుండిన యెడల ఆ సంగతి యెంతకాలము దాగియుండెడిదో! మెండెలు అంకెలు కూడ మితిమీరి సరిపోవుచున్నవని ఫిషరు పండితుడు 1936లో చూపెను. ఆ వాదము నేటికిని ముగియలేదు. గురువుయొక్క లెక్కను సైతము మరల లెక్కించుట ఈ శాస్త్రమున మర్యాద.

కాబట్టి గణితమునకు జడిసి జీవశాస్త్రమున చేరువారు ఇచట తప్పించుకొనజాలరు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు కేంబ్రిడ్జికి పోయి, ఆ ఫిషరు పండితునియొద్దనే ఎలుకల జన్యువుల పటము గీయు పనిలో పాల్గొని, 1948లో డాక్టరు పట్టము పొందిరి. సంఖ్యాశాస్త్రమున వారి పేరు లోకమంతట ప్రసిద్ధము. వారు 2023లో నూటరెండేండ్ల వయస్సున దివంగతులైరి.

ఇక తలిదండ్రులు గమనింపవలసిన విషయము చెప్పెదను. ఈగల లెక్కయే మనుష్యుల లెక్క. సికిల్ సెల్ అను రక్తవ్యాధి కలదు. మన మన్యప్రాంతముల గిరిజన కుటుంబములలో అది కనబడుచున్నది. ఎర్రకణములు కొడవలివలె వంకరపోయి, సన్నని నాళములను అడ్డగించి, తాళలేని నొప్పులు పుట్టించును. 1956లో ఇంగ్రాము అను శాస్త్రజ్ఞుడు రక్తమునందలి హీమోగ్లోబినులో ఒక్క చిన్నభాగము మారుటయే దానికి మూలమని చూపెను. జన్యులిపిలో అది ఒక్క అక్షరపు మార్పు. ఆ జన్యువు ఒక ప్రతి మాత్రమే గలవారు సామాన్యముగ ఆరోగ్యవంతులే, వారిని వాహకులందురు. తల్లియు తండ్రియు ఇద్దరును వాహకులైనచో ప్రతి కాన్పునందును బిడ్డకు వ్యాధి వచ్చుటకు నాలుగింట ఒక పాలు అవకాశము కలదు. "మొదటి బిడ్డకు వచ్చినది, ఇక మువ్వురకు భయములేదు" అని తలచువారున్నారు. అది పొరబాటు. నాణెమునకు జ్ఞాపకము లేదు. ప్రతి కాన్పు క్రొత్త లెక్క. ఈ యొక్క వాక్యమును తప్పులేక, నొప్పింపక ఒక తల్లికి చెప్పగలిగిన విద్యార్థి తన చదువును సార్థకము చేసికొనెను. ఇట్టి వాహకులను రక్తపరీక్షచే గుర్తించుటకు భారత ప్రభుత్వము 2023 జూలైలో జాతీయ కార్యక్రమము నారంభించినది.

మేనరికములను గూర్చియు నన్నడుగుచుందురు. ప్రతి మనుష్యునిలోను దాగియున్న చెడు జన్యువులు కొన్ని యుండును. మేనరికపు దంపతుల బిడ్డకు ఒకానొక జన్యువుయొక్క రెండు ప్రతులును ఒకే పూర్వికునినుండి చేరు అవకాశము పదునారింట ఒకటి. అక్కకూతురిని వివాహమాడినచో ఎనిమిదింట ఒకటి. అట్టి దంపతుల బిడ్డలలో పెక్కుమంది ఆరోగ్యవంతులుగనే పుట్టుదురు. ఐనను అంతర్గత వ్యాధుల భయము బయటి సంబంధములలోకంటె అధికము. కాబట్టి నిందింపనక్కరలేదు, కుటుంబమున అట్టి వ్యాధి యున్నదేమో విచారించి, వైద్యుల నడుగుట మంచిది. ఆంధ్రదేశపు ఈ ఆచారమును గూర్చి మనవారైన ద్రోణంరాజు కృష్ణగారు హాల్డేన్ పండితుని శిష్యులై 1960 ప్రాంతమున పరిశోధించిరి. హాల్డేనుగారు 1957లో ఇంగ్లాండు విడిచి మనదేశమునకు వచ్చి, భారత పౌరులై, 1964లో భువనేశ్వరమున కన్నుమూసిరి. జన్యుశాస్త్రమున అంతటి మహామహుడు ఆక్స్‌ఫర్డులో చదివినది గణితము, గ్రీకు లాటిను సాహిత్యములు. విజ్ఞానశాస్త్రమున ఆయనకు పట్టమే లేదు.

ఈ శాస్త్రముపేర లోకమున జరిగిన కీడును గూడ విద్యార్థులు తెలిసికొనవలెను. మంచి వంశములు, చెడు వంశములు అని విభజించి, బలహీనులకు సంతానము కలుగకుండ బలవంతముగ శస్త్రచికిత్స చేయు శాసనమును 1927లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము సమర్థించినది. జర్మనీలో 1933లో అట్టి శాసనమే చేయబడి ఘోరములకు దారితీసినది. దారిద్ర్యము, చదువులేమి మున్నగువానిని జన్యువుల తప్పుగ లెక్కకట్టుటయే అందలి మోసము. రష్యాలో లైసెంకో యనువాడు దీనికి విపరీతముగ జన్యువులే లేవని వాదించి, లెక్కలతోడి పరీక్షలను తృణీకరించి, ప్రభుత్వపు ప్రాపు సంపాదించెను. లోకమంతట తిరిగి పైరుల విత్తనములు సేకరించిన వావిలోవ్ మహాశయుడు అతని నెదిరించి, 1940లో బంధింపబడి, 1943లో చెరసాలలోనే మరణించెను. లెక్కను తనకు నచ్చినట్లు దిద్దుట నావంటి విద్యార్థి చేసిన సున్న మార్కులతో పోవును. రాజ్యములు చేసిన ప్రాణములే పోవును.

"అది చదివిన నేమి వచ్చును?" అను ప్రశ్న మిగిలినది. దాచక చెప్పెదను. ఈ పట్టముతో వైద్యుడు కాజాలడు. మొదటి పట్టము మాత్రమే గలవారికి దొరకు పనులు కొలదియే. ప్రయోగశాలలలో సహాయకులుగ చేరవచ్చును. ఎం.ఎస్సీ. చదివి, ఆ పైన పరిశోధన చేయువారికి, వ్యాధి గల కుటుంబములకు సలహా చెప్పు శిక్షణ పొందువారికి, పైరుల వంగడములను మెరుగుపరచు సంస్థలలో చేరువారికి దారులు కలవు. వంగడముల మాట మన కంచములోనిదే. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన బి.పి.టి. 5204 అను సాంబా మసూరి మనకందరకును ప్రియమైన అన్నము. కాని దానికి బాక్టీరియా ఎండాకు తెగులు శత్రువు. హైదరాబాదునందలి సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులును, వరి పరిశోధన సంచాలకాలయమువారును కలసి, తెగులును తట్టుకొను మూడు జన్యువులను డి.ఎన్.ఏ. గుర్తుల సహాయమున వెదకి పట్టి, సంకరముచేత ఆ వంగడములోనికి తెచ్చి, బియ్యపు నాణెము చెడకుండ 2008లో మెరుగుపరచిన సాంబా మసూరిని విడుదల చేయించిరి. మెండెలు తోటలో నేర్చిన లెక్కయే అది.

ఇక కష్టమా యను ప్రశ్న. కంఠస్థము చేయువానికి కష్టము. ఓపికతో లెక్కించువానికి సులభము. ఇందు చేరదలచు విద్యార్థులు ఇప్పటినుండియే గణితమును విడువక చదువవలెను. ఇంటరులో జీవశాస్త్రముతోపాటు రసాయనశాస్త్రమును శ్రద్ధతో నేర్వవలెను. అన్నిటికంటె ముఖ్యము, ప్రయోగగ్రంథమున కన్ను చూచినదానినే చేయి వ్రాయవలెను. ఈ పాఠశాల విజ్ఞానపు గదిలో మీరు నేడు లోలకపు ఊపులను లెక్కించుచున్నారు. ఫలితము పుస్తకముతో సరిపడలేదని ప్రక్కవాని గ్రంథము చూచి దిద్దుకొనకుడు. ఆ సరిపడని యంకెను అట్లే యుంచి, ఉపాధ్యాయునియొద్దకు గొనిపోయి కారణ మడుగుడు. నాకు కళాశాలలో సున్న వచ్చిన పిమ్మట తెలిసిన దానిని మీరు ఇచటనే, ఖర్చులేక, నేర్చుకొందురు గాక.